కుట్టుమిషన్ దెయ్యం, బేస్‌మెంట్ దెయ్యం

మొదటి భాగంలో దెయ్యం కనిపించడానికి గంటా పది నిమిషాలు పడుతుంది. రెండో భాగంలో ఐదు నిమిషాలు కూడా పట్టదు. తేడా అంతా అక్కడే ఉంది. ఇంతకు మించి చెప్పాల్సిన పని లేదు, నేను నోరు మూసుకోవచ్చు. కానీ నోరు మూసుకోవడం నాకు చేతకాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. అమెరికాలో మా ఊరు ఆష్‌బర్న్‌లో మాతో రాకపోకలున్న పది పన్నెండు కుటుంబాలకూ తెలుసు.

ముందు మొదటి సినిమా సంగతి. ఒక చిన్న ఊళ్లో ముగ్గురు బ్రహ్మచారులు ఒక ఇంటి వెనక వాటా అద్దెకు తీసుకుంటారు. గదిలో ఒక మూల దుప్పటి కప్పిన కుట్టుమిషన్ ఉంటుంది. దాన్ని ముట్టుకోవద్దని ఇంటావిడ గట్టిగా చెబుతుంది. ఆవిడ ఆడపడుచు బట్టలు కుట్టేదట, చేతిలో పని చేతిలో ఉండగానే పోయిందట. రెండో రోజు నుంచి మిషన్ తనంతట తనే తిరగడం మొదలవుతుంది. తెల్లారేసరికి చిరిగిన చొక్కా కుట్టి ఉంటుంది, ఊడిన బొత్తాం తిరిగి వచ్చి ఉంటుంది. మొదట ముగ్గురూ గజగజలాడిపోతారు. వారం తిరిగేసరికి చిరిగిన బట్టలన్నీ ఏరి కావాలనే మిషన్ పక్కన పెడతారు. నెల తిరిగేసరికి వీధిలో ఆడవాళ్లంతా కొలత జాకెట్లు పట్టుకుని గుమ్మం ముందు నిలబడతారు. దెయ్యం కంటే ఆ ఆడవాళ్లకే వాళ్లు ఎక్కువ భయపడతారు.

చివరికి దెయ్యం కనిపించినా, వీపే కనిపిస్తుంది. పళ్ల మధ్య దారం పట్టుకుని, తల వంచుకుని, ఎవరో పెళ్లికూతురి జాకెట్‌కి కాజాలు కుడుతూ ఉంటుంది. ముగ్గురిలో చిన్నవాడు గుమ్మం దగ్గర నిలబడి, "అక్కా, ఇంక చాల్లే, పడుకో" అంటాడు. ఎన్నిసార్లు చూసినా నాకు అక్కడ ఏడుపు వస్తుంది. ఏడిపించగల దెయ్యం సినిమా తీయడం ఎంత కష్టమో తీసినవాళ్లకు తెలియలేదని రెండో భాగం చూశాకే అర్థమైంది. అది పొరపాటున బాగా వచ్చిన సినిమా అయి ఉంటుంది.

మా అమ్మాయి ఆరేళ్ల వయసులో మొదటిసారి ఆ సినిమా చూసింది. తర్వాత ఎన్నిసార్లు చూసిందో లెక్కలేదు. జ్వరం వస్తే అదే, బయట మంచు పడి స్కూల్ మూసేస్తే అదే, నేను వంట చేస్తూ ఉంటే అదే. దాని తెలుగు సగం ఆ సినిమాదే. ఇక్కడ పుట్టిన పిల్లల్లో బటన్‌ని బొత్తాం అనే పిల్ల మా ఊళ్లో అదొక్కతే. కాజా, అంచు, మడత, ఓరగా కత్తిరించడం లాంటి మాటలు దానికి నేను నేర్పలేదు. ఉచ్చారణ మాత్రం వర్జీనియాదే. 'ళ' పలకదు, 'ఠ' పలకదు, క్రియ చివర ఏది దొరికితే అది తగిలిస్తుంది. అయినా గుక్క తిప్పుకోకుండా మాట్లాడేది. నాతో మాత్రమే. వాళ్ల నాన్నతో ఇంగ్లీషు, నాతో తెలుగు అని అదే ఏర్పాటు చేసుకుంది.

ఆ ఏర్పాటు నాకు ప్రాణం. ఎందుకో చెబుతాను. ఇంగ్లీషులో దాన్ని ఏమడిగినా "ఐయామ్ ఫైన్" అంటుంది, అక్కడితో తలుపు వేసేస్తుంది. తెలుగులో ఆ జవాబు చెప్పడం దానికి రాదు. "ఏమైందే" అని అడిగితే ఏమైందో చెప్పాల్సిందే. లంచ్ టేబుల్ దగ్గర ఎవరు దాన్ని జరగమన్నారు, ఏ స్నేహితురాలు పుట్టినరోజుకి పిలవలేదు, ఇవన్నీ నాకు తప్పుల తడక తెలుగులో తెలిసినవే.

తొమ్మిదో తరగతిలోకి వచ్చాక, ఆదివారం తెలుగు క్లాసు మానేస్తానంది. "అమ్మా, అక్కడ అందరూ చిన్నపిల్లలు ఉన్నది. నేనొక్కతే బిగ్" అని కారణం చెప్పింది. నేను ఒప్పుకోలేదు. మూడు వారాలు వాదించుకున్నాక ఒక ఒప్పందానికి వచ్చాం. క్లాసు వార్షికోత్సవంలో 'నాకు నచ్చిన సినిమా' మీద ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత క్లాసుకి వస్తానన్నా సరే, రానన్నా సరే, నేను ఎదురు చెప్పను. వేదిక ఎక్కి నాలుగు చప్పట్లు కొట్టించుకుంటే ఉండిపోతుందని నా లెక్క. క్లాసు మానేస్తే, ఆ తర్వాత నాతో తెలుగు కూడా మానేస్తుందని నా భయం. ఈ రెండోది దానికి చెప్పలేదు.

మొదటి భాగాన్నీ రెండో భాగాన్నీ పోల్చి మాట్లాడతానని అదే అంది. రెండో భాగం అప్పటికి ఇంకా రాలేదు. నాకు ఎంత సంబరమో.

ఆ సంబరం, రెండో భాగం విడుదలైన శనివారం మధ్యాహ్నం ఆటకి వెళ్లిన పావుగంటలో చచ్చిపోయింది. ఈసారి కథ అమెరికాలోనట. ఆ ముగ్గురు బ్రహ్మచారులూ ఇప్పుడు సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లట. చొక్కా బొత్తాం కుట్టుకోవడం రానివాళ్లకి ఆ ఉద్యోగాలు ఎవరిచ్చారో దర్శకుడు చెప్పడు. ఒక పెద్ద ఇల్లు అద్దెకు తీసుకుంటారు, దాని బేస్‌మెంట్‌లో దెయ్యం. కుట్టుమిషన్ లేదు. ఇంటావిడ లేదు. వీధి లేదు, ఎందుకంటే అమెరికాలో వీధి ఉన్నా అందులో మనుషులుండరు. ఆ ఒక్కటీ నిజమే చూపించారు. మిగతా ఖాళీ అంతా గ్రాఫిక్స్‌తో నింపారు. సోఫాలు ఎగురుతాయి, ఫ్రిజ్ ఎగురుతుంది, నలుగురు హాస్యనటులు మాటిమాటికీ గోడకి కొట్టుకుంటారు. మొదటి భాగంలో నిశ్శబ్దం ఉన్నచోట ఈసారి డ్రమ్ములున్నాయి. మనకు భయం వేసిందో లేదో తేల్చుకునే అవకాశం కూడా ఇవ్వరు.

అన్నిటికంటే ఘోరం ఆ దెయ్యం మాట. ఇక్కడే పుట్టి పెరిగి చచ్చిపోయిన పదిహేడేళ్ల పిల్ల దెయ్యమట. నల్లటి హూడీ వేసుకుని, "నువ్వు ఎందుకు నా హౌస్‌లోకి వచ్చింది? గెటౌట్ అయిపో!" అని అరుస్తుంది. అరిచినప్పుడల్లా హాలు హాలంతా గొల్లుమంటుంది. తెరమీద హాస్యనటులూ గొల్లుమంటారు, వెంటనే గాల్లోకి లేస్తారు. మళ్లీ అదే. రచయితకి తెల్లకాగితం చూస్తే భయమేసి, ప్రతి పేజీలోనూ ఆ ఒక్క జోకే రాసుకున్నాడు.

రెండో సగంలో ఒక పాట వచ్చింది. బేస్‌మెంట్‌లో, దెయ్యం ఉన్న బేస్‌మెంట్‌లో, ఎక్కడినుంచో ఊడిపడ్డ ఇరవై మంది తళతళలాడే బట్టలతో డాన్సు. నేను లేచాను. "ఎక్కడికి?" అంది మా అమ్మాయి. "ఊపిరి పీల్చుకోడానికి" అన్నాను. బయట లాబీలో కాఫీ తీసుకుని, గోడ పక్క బెంచీ మీద కూర్చుని, స్నేహితుల గ్రూపులో సినిమాని ఉతికి ఆరేస్తూ మెసేజ్‌లు పెట్టాను. నవ్వు బొమ్మలు వరదలాగా వచ్చాయి. ఆ ఉత్సాహంలో ఇంకా రాశాను. లోపలికి తిరిగి వెళ్లేసరికి బేస్‌మెంట్ తగలబడుతోంది, హీరో చొక్కా లేకుండా ఉన్నాడు.

కారు ఎక్కుతూ మా అమ్మాయి అంది, "అమ్మా, నువ్వు బెస్ట్ సీన్ మిస్ అయింది."

"బెస్ట్ సీనే చూశాను. లాబీలో" అన్నాను.

నవ్వుతుందనుకున్నాను. కారు కిటికీలోంచి బయటికి చూసింది.

మరుసటి శనివారం ఒక స్నేహితురాలి ఇంట్లో పాట్‌లక్, అంటే ఇంటికో వంటకం తెచ్చుకునే విందు. పది కుటుంబాలు, ఐదు రకాల పలావులు. ఎవరు ఏం తేవాలో ముందే జాబితా రాసుకుంటారు, అయినా ప్రతిసారీ ఐదు పలావులే వస్తాయి. తిన్నాక మగవాళ్లు వీసాల గురించి, ఆడవాళ్లు కాలేజీ అడ్మిషన్ల గురించి ఏడవడం ఆనవాయితీ. ఆ రోజు మాత్రం అందరూ నా చుట్టూ చేరారు. "మీ మెసేజ్‌లు చదివి ఆఫీస్‌లో మీటింగ్‌లో నవ్వేశానండీ. ఒకసారి ఆ దెయ్యంలాగా చేసి చూపించండి" అంది ఇంటామె.

బతిమాలించుకోలేదు. తువ్వాలు నెత్తిమీద హూడీలాగా కప్పుకున్నాను. "నువ్వు ఎందుకు నా హౌస్‌లోకి వచ్చింది?" అన్నాను. దాని మాటలన్నీ వరసగా అప్పగించాను, నాలుక మడత పడకుండా, 'ర'ని నోట్లోనే తిప్పుతూ, 'త'ని 'ట' చేసి. ఒకాయన పొట్ట పట్టుకుని సోఫాలో వెనక్కి పడ్డాడు. "మళ్లీ, మళ్లీ" అన్నారు. మళ్లీ చేశాను. అందరూ నవ్వడం ఆపాక, మెట్ల మీద కూర్చున్న పిల్లలు కనిపించారు. వాళ్లలో మా అమ్మాయి ఉంది. పక్క పిల్ల ఏదో అంటే తల ఊపుతోంది. నాకు పట్టలేదు.

ఇంటికి వచ్చేటప్పుడు మా ఆయన, ఆయనది కరీంనగర్ పక్క, నెమ్మదిగా అన్నాడు.

"పిల్ల ముంగట గట్ల చెయ్యకుంటే మంచిగుండు."

"నేను సినిమాని అన్నాను, పిల్లని కాదు."

"నాకెరుకే. దానికి ఎరుకనా?"

వెనక సీట్లో మా అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లున్నాయి. వినడం లేదనుకున్నాను. మా ఆయనకి సున్నితం ఎక్కువని కూడా అనుకున్నాను.

ఇక ప్రసంగం. మా తెలుగు క్లాసు వార్షికోత్సవాల గురించి నా అభిప్రాయం దాచుకోవాల్సిన అవసరం లేదు. ప్రసంగాలన్నీ తల్లిదండ్రులే రాస్తారు. పిల్లలకు చదవడం రాదు కాబట్టి ఇంగ్లీషు అక్షరాలతో రాస్తారు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వాలో, ఎక్కడ దండం పెట్టాలో కూడా రాస్తారు. పిల్లలు దాన్ని పాటలాగా బట్టీ పట్టి, కళ్లు పైకప్పుకి అతికించి, ఒక్క ముక్క అర్థం కాకుండా అప్పగిస్తారు. ఏడేళ్ల పిల్లాడు 'మాతృభాష మృత్యుముఖంలో ఉంది' అంటాడు, వాళ్లమ్మ ముందు వరసలో పెదాలు కదుపుతూ ఉంటుంది. అందరికీ బహుమతులు. ఈ నాటకాన్ని నేను ఏళ్లుగా వెక్కిరిస్తూ వచ్చాను. నేను అలాంటి తల్లిని కానని పదిమందిలో చెప్పుకున్నాను.

మా అమ్మాయి తన ప్రసంగం తనే రాసుకుంది. ఇంగ్లీషు అక్షరాలతోనే, కానీ మాటలన్నీ దానివే. వార్షికోత్సవానికి పది రోజుల ముందు ఆ డాక్యుమెంట్ నాకు షేర్ చేసింది. "కొంచెం మిస్టేక్స్ మాత్రం చూడు అమ్మా" అని రాసింది.

సాఫ్ట్‌వేర్‌లో నా ఉద్యోగం టెస్టింగ్. పొద్దున్నుంచి సాయంత్రం దాకా వేరేవాళ్లు కట్టినదాంట్లో తప్పులు ఏరడం. మిస్టేక్స్ మాత్రం చూడు అని నాతో ఎవరూ అనకూడదు.

మొదట క్రియలు సరిచేశాను. 'ఉన్నది'లన్నీ 'ఉన్నాను'లు చేశాను. తర్వాత వాక్యాలు అతికించాను. తర్వాత అభిప్రాయాల దగ్గరికి వచ్చాను. మొదటి భాగం గురించి అది రాసింది బాగానే ఉంది. రెండో భాగం గురించి ఇలా రాసింది, నా సవరణలు పడకముందు ఉన్నట్టే చెబుతున్నాను: "ఫస్ట్ దెయ్యం మంచిది, ఎందుకంటే పని చేస్తుంది. సెకండ్ దెయ్యం అందరికీ బ్యాడ్ అనిపిస్తుంది. కానీ చూడండి, అది ఎవరిని విసిరేస్తుంది? తన తెలుగు విని నవ్వినవాళ్లని మాత్రమే. నవ్వనివాళ్లని ఏమీ చేయదు. సినిమాలో ఒక్కళ్లు కూడా నవ్వకుండా ఉండదు. అందుకని అందరినీ విసిరేయాల్సి వస్తుంది. నాకు ఈ దెయ్యం అంటే భయం లేదు."

దాని కింద ఫోన్ సీన్ అని ఇంకో పేరా ఉంది. నేను లాబీలో ఉన్నప్పుడు వచ్చిన సీన్ అయి ఉంటుంది. సగం చదివాను.

ఆ రెండు పేరాలనీ కలిపి కొట్టేశాను. పక్కన ఒక వ్యాఖ్య పెట్టాను: "ఇది కథ చెప్పడం, విశ్లేషణ కాదు. టైమ్ కూడా చాలదు." వాటి స్థానంలో నేను రాశాను. డ్రమ్ముల గురించి రాశాను, ఎగిరే ఫ్రిజ్ గురించి రాశాను. చివర్లో ఈ వాక్యాలు పెట్టి, నా భుజం నేనే తట్టుకున్నాను: "అమెరికాలో పుట్టిన ఈ దెయ్యం మనుషుల్ని భయపెట్టదు, తెలుగు భాషని భయపెడుతుంది. అది నోరు విప్పితే చాలు, యాభై ఆరు అక్షరాలూ ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఇండియాకి టికెట్ బుక్ చేసుకుంటాయి."

పాట్‌లక్‌లో ఈ మాటకి ఎంత నవ్వొచ్చేదో అనుకున్నాను. ఆలస్యంగా తట్టినందుకు బాధపడ్డాను కూడా.

మర్నాడు చూస్తే డాక్యుమెంట్‌లో నా సవరణల ఎర్రగీతలేవీ లేవు. అన్నీ ఒకేసారి ఒప్పేసుకుంది, ఒక్క బటన్ నొక్కి. ఒక్కదానికైనా వాదించలేదు. వాదించనందుకు నేను సంతోషించాను. పిల్ల పెద్దదైంది, మంచి చెడు తెలుస్తోంది అనుకున్నాను. మిగిలిన రోజులన్నీ గది తలుపు వేసుకుని బట్టీ పట్టింది.

వార్షికోత్సవం ఒక స్కూల్ కెఫటేరియాలో జరిగింది. మడత కుర్చీలు, సమోసాల వాసన, పనిచేయని మైకు, పనిచేసే మైకు కోసం పరుగులు. న్యాయనిర్ణేతగా ఒక పెద్దాయనని పిలిచారు. పట్టు ఉత్తరీయం వేసుకుని వచ్చాడు. ఏడేళ్ల పిల్లల మాతృభాష ఒకటి తర్వాత ఒకటి మృత్యుముఖంలోకి వెళ్లొచ్చింది. తర్వాత మా అమ్మాయి. అక్కడ నిలబడ్డ పిల్లలందరికంటే తలంత పొడుగు. మైకు పైకి లేపాల్సి వచ్చింది.

మొదటి భాగం గురించి చక్కగా మాట్లాడింది. కాజా అంది, బొత్తాం అంది. పెద్దాయన తల ఊపాడు. రెండో భాగానికి వచ్చింది. డ్రమ్ములు, ఫ్రిజ్, నేను రాసినవి రాసినట్టు. నా పెదాలు కదులుతున్నాయని పక్కన మా ఆయన మోచేత్తో పొడిస్తే తెలిసింది.

"అమెరికాలో పుట్టిన ఈ దెయ్యం మనుషుల్ని భయపెట్టదు" అంది. "టెలుగు బాషని భయపెడుతుంది."

హాలు గొల్లుమంది.

నేను రాసిన జోకు ఇంకా రాలేదు. అక్షరాలు, టికెట్లు, అవి తర్వాతి వాక్యంలో ఉన్నాయి. నవ్వు ఎక్కడ రావాలో రాసినదాన్ని నాకు తెలుసు. ఒక వాక్యం ముందే వచ్చింది. నా ముందు వరసలో ఇద్దరాడవాళ్లు ఒకరినొకరు చూసుకుని, "టెలుగు బాష" అని మళ్లీ అనుకుని, మళ్లీ నవ్వారు.

అది ఆగింది. నవ్వు తగ్గేదాకా మైకు పట్టుకుని నిలబడింది. తర్వాత రెండో వాక్యం కూడా చెప్పింది, ఒక్క అక్షరం వదలకుండా, నేను రాసిన క్రియలతో సహా. మళ్లీ నవ్వారు. నమస్కారం పెట్టి దిగింది.

మొదటి బహుమతి దానికే ఇచ్చారు. పెద్దాయన మైకు తీసుకుని మెచ్చుకున్నాడు.

"అందరూ మాట్లాడారు, కానీ ఈ అమ్మాయి నటించింది! మొత్తం ప్రసంగం ఆ అమెరికా దెయ్యం యాసలోనే చేసిందండీ, మొదటి నుంచి చివరి దాకా. ఎక్కడా తప్పలేదు. ఈ మిమిక్రీ ఎవరు నేర్పారమ్మా నీకు?"

మా అమ్మాయి బహుమతి కప్పు రెండు చేతులతో పట్టుకుని ఉంది. నా వైపు చూడలేదు.

"మా అమ్మ" అంది. "థాంక్యూ అంకుల్."

చప్పట్లు. ముందు వరస వాళ్లు వెనక్కి తిరిగి నాకేసి చూసి కూడా కొట్టారు. నేను లేచి, "అది యాస కాదండీ, మా పిల్ల మామూలుగా మాట్లాడే మాటే అది" అని చెప్పాల్సింది. చెప్పలేదు. నోరు మూసుకోవడం చేతకాని మనిషిని, మూసుకుని కూర్చున్నాను. సిగ్గేసింది. పిల్ల కోసం కాదు, అందరి ముందూ నేను దొరికిపోతానని. అంత నీచంగా ఎప్పుడూ అనిపించలేదు నాకు నేను.

కారులో కప్పు కాళ్ల దగ్గర పెట్టుకుంది.

"అమ్మా, ఇంక నేను క్లాస్‌కి రాను. మనం అనుకున్నది కదా."

"వాళ్లకి తెలియక నవ్వారే" అన్నాను. "నువ్వు చాలా బాగా మాట్లాడావు."

"ఇట్స్ ఓకే. ఐయామ్ ఫైన్" అంది.

అప్పటి నుంచి నాలుగు నెలలుగా అది నాతో ఇంగ్లీషులోనే మాట్లాడుతోంది. కోపంతో కాదు. అన్నం పెట్టమ్మా అన్నప్పుడు పలికే మెత్తదనమే, ఇంగ్లీషులో. నేను తెలుగులో అడుగుతాను, అది ఇంగ్లీషులో చెబుతుంది. ఒకసారి పొయ్యి దగ్గర పట్టుకుని బతిమాలాను. "తెలుగులో చెప్పవే. నేనేమన్నా నవ్వుతానా?" అన్నాను. "నో, ఐ నో" అంది. "ఇట్స్ జస్ట్ ఈజియర్." లంచ్ టేబుల్ దగ్గర దాన్ని ఇప్పుడు ఎవరైనా జరగమంటున్నారో లేదో నాకు తెలియదు.

కిందటి ఆదివారం మధ్యాహ్నం ఆ రెండో భాగం ఇంట్లో టీవీలో పెట్టాను. మా ఆయన సరుకులకి వెళ్లాడు. మా అమ్మాయి డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ ముందు పెట్టుకుని హోంవర్క్ చేసుకుంటోంది. నేను ఏం చూస్తున్నానో చూసింది, మళ్లీ హోంవర్క్‌లో తల పెట్టింది. పిల్ల కూడా చూడాలనే అక్కడ కూర్చున్నాను. లాబీలో కూర్చుని నేను వదిలేసిన అరగంట చూసి, ఆ సీన్ గురించి దానితో మాట్లాడదామని, మాట తెలుగులోకి మళ్లిద్దామని నా ఎత్తు.

సినిమా మాత్రం చెత్తే. మనసు కరిగి అభిప్రాయం మార్చుకున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆ పాట ఇంకా భరించలేనట్టే ఉంది, ముందుకి జరిపాను. అప్పుడు ఆ ఫోన్ సీన్ వచ్చింది. ఆ పిల్ల ఇంకా బతికే ఉంటుంది. ఇండియాలో వాళ్ల అక్క పెళ్లి. బేస్‌మెంట్‌లో ఒక్కతే కూర్చుని, కాగితం మీద రాసుకున్న వాక్యాన్ని పదిసార్లు చెప్పుకుంటుంది. వీడియో కాల్ కలుస్తుంది. పెళ్లిపందిట్లో చుట్టాలంతా ఫోన్ చుట్టూ మూగుతారు. డ్రమ్ములు లేవు. సినిమా మొత్తంలో ఈ ఒక్క చోట మాత్రం డ్రమ్ములు లేవు. పిల్ల కాగితం చూడకుండా, కళ్లు మెరుస్తుండగా అంటుంది, "అక్కా, నువ్వు పెల్లికూటురు అయినందుకు నేను చాలా గర్వం అయిపోయింది."

చుట్టాలు నవ్వుతారు. ఇంకోసారి చెప్పు, ఇంకోసారి చెప్పు అంటారు. ఆ పిల్ల వాళ్లకి నచ్చిందనుకుని ఇంకోసారి చెబుతుంది. ఇంకో నలుగుర్ని పిలుచుకొస్తారు. మూడోసారి చెబుతుండగా మధ్యలో దానికి అర్థమవుతుంది. అక్కడ ఆపేస్తుంది.

ఇదంతా నేను తర్వాత, రెండోసారి పెట్టుకుని చూసి చెబుతున్నాను. మొదటిసారి అంతదాకా పోలేదు. 'గర్వం అయిపోయింది' అనగానే నాకు నవ్వొచ్చింది. పెద్ద నవ్వేం కాదు. ముక్కులోంచి ఒక్క శబ్దం. అంతా తెలిసి కూడా, దాని కోసమే ఆ సీన్ పెట్టి కూడా, నా ప్రమేయం లేకుండా వచ్చేసింది.

వెంటనే రిమోట్ నొక్కి ఆపాను. వెనక్కి తిరిగాను. మా అమ్మాయి నన్నే చూస్తోంది. దాని ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. అదే నాకు భరించలేనిదిగా అనిపించింది.

"అది కాదే" అన్నాను.

"ఐ నో, మామ్" అంది. లాప్‌టాప్ మూసి, ఛార్జర్ చుట్టుకుని, పైకి వెళ్లింది. గది తలుపు వేసుకుంది, గట్టిగా కాదు, మామూలుగానే.